తలకట్టు

మా జట్టు పేరు గాంద్రాయ్. అంటే కొంగలు.
ఆగస్టు చివర అసలు కొంగలన్నీ లేచిపోయాకే
మా కొంగలు ఊళ్లో దిగుతాయి,
అక్టోబరు వానలో, అద్దె వ్యానులో,
ఒక్కొక్కటీ ఆరున్నర అడుగుల పైమాటే.

నేను వాళ్ల చొక్కాలు ఉతుకుతాను.
వీపు మీద పేర్లు కుట్టేదీ నేనే.
ఇరవై రెండేళ్లుగా ఈ హాలు నేలమాళిగలో,
బాయిలరు పక్కన.
ఆట చూసింది తక్కువ, విన్నది ఎక్కువ:
పైకప్పు దడదడలాడితే మన బంతి పడినట్టు,
చప్పుడు లేకుంటే వాళ్లది.

ఈ ఏడు చప్పుడు తక్కువ.

మొదటి నెలలో రెండు గెలిచాం.
లోవెట్ ఒక్కడే ముప్పై ఒకటి కొట్టిన రాత్రి
బేకరీ యుర్గిస్ అతని దగ్గర డబ్బు పుచ్చుకోలేదట.
నవంబరులో పాల ఫ్యాక్టరీ మూతపడింది.
రొమ్ము మీది ఆవు బొమ్మని నా చేత్తోనే ఊడదీశాను.
ముందు జీతాలు ఆగాయి.
తర్వాత పేర్లు.

లోవెట్ ఇజ్మీర్‌కి, టూత్‌బ్రష్ మరిచిపోయి.
జోరిచ్ పోలండ్‌కి.
బారిషిచ్ మోకాట్లో నీరు పట్టి ఇంటికి.
బాల్దే మాత్రం మెట్లు దిగి వచ్చాడు.
మా భాషలో ఆరు మాటలే వచ్చు, అందులో నాలుగు ఖర్చుపెట్టి
చొక్కా ఉంచుకోవచ్చా అని అడిగాడు.
కుదరదన్నాను. క్లబ్బు ఆస్తి.
ఆ మాటకి నా నాలుక మీద నాకింకా కోపం.

కుట్టడం కన్నా విప్పడం కష్టం.
కత్తెర మొనతో, ఒక్కో పోగూ, గుడ్డకి తెలియకుండా.
ఊడిన అక్షరాలు అల్లం బిస్కట్ల డబ్బాలోకి.
ఎంత ఇస్త్రీ చేసినా సూది బెజ్జాలు మిగిలిపోతాయి.
దీపం దగ్గర పెట్టుకుంటే
వెళ్లినవాడి పేరు చదవొచ్చు.

వరసగా పదకొండు ఓటములు.
కెప్టెన్ రిమ్విదాస్‌కి ముప్పై ఎనిమిది.
ఐసు బకెట్లో కాళ్లు పెట్టి
నా బాయిలరు పక్కనే కూర్చునేవాడు,
పలకడు, ఉలకడు.
ఒక్కసారి మాత్రం, ‘‘చలి పైనే ఎక్కువ’’ అన్నాడు.

మార్చి చివర,
కరెంటు స్తంభం మీది గూటికి మొదటి కొంగ వచ్చిన వారం,
కోచ్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.
పదిహేడేళ్లు. ముందు చెవులు కనిపిస్తాయి, తర్వాతే మనిషి.
ఇంటిపేరు జ్విర్బ్లిస్. అంటే పిచ్చుక.
కొంగల్లో పిచ్చుకా అని నవ్వాను.
వాడు నవ్వలేదు. ఎన్నిసార్లు విని ఉంటాడో.

కొత్త అక్షరాలకు డబ్బు లేదు.
డబ్బా బోర్లించాను.
జోరిచ్ జెడ్. లోవెట్ వి.
బారిషిచ్ బి, ఆర్. బాల్దే ఎల్.
ఐలు ఎవరివో చెప్పలేను, ఐలన్నీ ఒకేలా ఉంటాయి.
మొదటి అక్షరానికి తలకట్టు కావాలి,
లేకుంటే పిచ్చుక పిచ్చుక కాదు.
బారిషిచ్ ఎస్ నెత్తి మీదిది వలిచి
జోరిచ్ జెడ్ మీద పెట్టాను.
పాసు ఇవ్వలేదని డిసెంబరంతా
మొహాలు చూసుకోని ఇద్దరు.
బోడి ఎస్‌ని చివర కుట్టాను.

ఆఖరి ఆటకి పైకెళ్లి కూర్చున్నాను,
రవికెకి గుచ్చిన సూది అలాగే ఉంది.
పిచ్చుక ఆడింది రెండు నిమిషాల నలభై సెకన్లు.
బంతి రెండుసార్లు చేతికొచ్చింది.
ఒకటి జారవిడిచాడు.
రెండోది రింగు మీద ఒక చుట్టు తిరిగి,
కాస్త ఆలోచించి, బయటికే పడింది.
నాలుగు పాయింట్లతో ఓడాం.

ఎవరి ఫోనో మోగింది.
ఇంకో ఊళ్లో మాకన్నా కిందున్న జట్టూ ఓడిందట.
కాబట్టి మేం లీగులోనే ఉంటాం.
ఇలాంటిదానికి చప్పట్లు కొట్టొచ్చా అని
మూడు వేల మంది పక్కవాళ్ల మొహాలు చూశారు.
చేతికర్ర ముసలాయన ఒకడు నేల మీద పొడవడం మొదలెట్టాడు.
ఆ తర్వాత దడదడ, దడదడ.
కింద వినడానికి ఎవరూ లేరు.

రాత్రి ఉతుకుతుంటే
జెడ్ మీది తలకట్టు సగం ఊడి వేలాడింది.
వచ్చే ఏడు ఆ కుర్రాడుంటాడో లేదో ఎవరూ చెప్పలేదు.
దారం ఎక్కించబోయాను. కంటికి ఆనలేదు.
మూడోసారికి ఎక్కింది.